ఆపైన ఏదైనా సరే

ఇంటిపేర్లతో వెతికితే లాభం లేదు,
ఈ రేవులో సగం మంది యెన్సెన్‌లే.
అందుకని ముంగటి పేర్లతో కట్టింది ఈబెన్
మునిగిపోయినవాళ్ళ పట్టిక.
జట్లాండ్ పడమటి ఒడ్డున
చేపల వేలంపాట కొట్టు మీద
రెండు గదుల మ్యూజియం.
తెర మీద ఇరవై తొమ్మిది బొత్తాలు,
అక్షరానికొకటి.

నొక్కితే లోపల నడిచేది ఒక్క వాక్యం:
మొదట ఈ అక్షరం ఉండాలి,
తర్వాత శాతం గుర్తు.
గీతకు అటొక సున్నా, ఇటొక సున్నా.
నూటికి ఇంత అని కాదు ఇక్కడ దాని అర్థం,
ఆపైన ఏదైనా సరే అని.
ఎంత పొడవైనా, ఎలా ముగిసినా.
సముద్రం కూడా ఇంతే అడిగి ఉంటుంది
అనుకుంది ఈబెన్ ఒకసారి, రాత్రి పదకొండింటికి.
అనుకున్నందుకు సిగ్గుపడి
లేచి వెళ్ళి కాఫీ కప్పు కడిగింది.

మంగళవారం ఎబ్బా వచ్చింది.
ఎనభై ఆరేళ్ళు. వానకోటు విప్పలేదు.
"మా అన్న" అని, 'ఏ' నొక్కింది.
ఆల్ఫ్రెడ్. ఆనర్స్‌లు తొమ్మిదిమంది.
ఆంటన్, ఆర్నె, ఆస్గర్, ఆక్సెల్.
కిందికి జరిపింది. మళ్ళీ పైకి జరిపింది.
"లేడు" అంది,
కొట్లో రొట్టె అయిపోయిందని చెప్పే గొంతుతో.

పేరు ఓవె.
పలకడం ఓవె గానీ, రాయడం రెండు 'ఏ'లతో మొదలు.
ఈబెన్ పట్టిక మొత్తం తెరిచింది. ఉన్నాడు.
పందొమ్మిదేళ్ళు, పడవ పేరు, తారీఖు,
ఆ రోజు గాలి ఎటునుంచో కూడా.
'ఏ' అని పిలిస్తే మాత్రం పలకడు.

తప్పు యంత్రానిది కాదు.
డేనిష్ వరసలో పెట్టు అని చెప్పింది తనే.
ఆ వరసలో రెండు 'ఏ'లు పక్కపక్కన పడితే
అవి రెండు కావు,
నెత్తిన సున్నా మోసే ఒకే అక్షరం.
దాని చోటు 'జెడ్' దాటి, ఇంకో రెండింటిని దాటి
అన్నిటికన్నా చివర.
మనకైతే అకారానికి అకారం తగిలితే దీర్ఘం.
నోరు ఇంకాస్త సేపు తెరిచి ఉంచితే చాలు,
మొదటి పేజీ దాటి పోనక్కర్లేదు.
వాళ్ళకు అదే కలయిక
మనిషిని పట్టిక అడుక్కి దింపుతుంది.

"నలభై ఎనిమిదిలో బళ్ళో చెప్పారు" అంది ఎబ్బా,
"ఇకమీదట రెండొద్దు,
ఒకటి రాసి పైన చుట్ట పెట్టండని.
ఇంటికొచ్చి చెబితే, వల ముడేస్తూ మావాడు
నా నెత్తి మీద ఆ సున్నా ఎవడు పెడతాడో చూస్తానన్నాడు.
చెక్కచెప్పుల లోపల, మడమ దగ్గర,
కత్తితో చెక్కుకున్నాడు రెండూ.
యాభై ఒకటి ఫిబ్రవరిలో ఒడ్డుకొచ్చింది ఒక చెప్పే.
ఎడమది."

కింద ఐసు మర చప్పుడు. కాసేపు అదే.

ఈబెన్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది.
"ఇంకో షరతు కలుపుతాను.
'ఏ'తో మొదలైనా, లేదా రెండు 'ఏ'లతో మొదలైనా.
అప్పుడు రెండుచోట్లా కనిపిస్తాడు."
"వద్దు" అంది ఎబ్బా.
"రెండుసార్లు మునగలేదు వాడు."

చివరి బొత్తాం నొక్కారు.
ఏడుగురు.
ఓవెలే నలుగురు. ఒకడు ఓస్ముండ్,
నార్వే నుంచి ఒక్క సీజను పనికని వచ్చినవాడు.
ఏడుగురిలో ఒక్కడి నెత్తి మీదా చుట్ట లేదు,
అందరూ రెండేసి అక్షరాల మీద నిలబడే ఉన్నారు.
మూడో ఓవె దగ్గర ఎబ్బా ఆగింది.
ఏమీ అనలేదు. పడవ పేరు మాత్రం చదివింది,
రెండుసార్లు, రెండోసారి సరిగ్గా.

వెళ్ళేముందు తన పేరు మొదటి అక్షరం నొక్కింది.
పదకొండు మంది మగవాళ్ళు.
అందరికన్నా పైన ఎడ్వర్డ్, పందొమ్మిది వందల ఆరు.
ఎడ్వర్డ్‌కి పైనున్న ఖాళీలో
వేలు ఆనించి ఉంచింది,
తెర మీద తడి మచ్చ పడేదాకా.
తర్వాత, బస్సు ఎన్నింటికని అడిగింది.